జామీను నిలబడ్డ కొత్తిమీర మడి

మా ఆయన్ని సబ్ జైల్లో పెట్టాక నాకు మొట్టమొదట తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. జైలు గురించి మా ఊళ్లో తెలియని మనిషి లేడు. జైలు దాకా తోడు వచ్చే మనిషి మాత్రం లేడు. పొద్దున లేస్తే మా అరుగు మీద నలుగురు కూర్చునేవాళ్లు. లోపల అన్నంలో సోడా కలుపుతారని ఒకరు, రెండు పూటలా నీళ్ల చారేనని ఇంకొకరు, ఎస్సై తన దోస్తుకు దోస్తని మరొకరు. నేను చాయ పెట్టాలి, వాళ్లు తాగాలి, తాగి "ఫికర్ చెయ్యకు చెల్లె, మేమున్నం" అని లేచిపోవాలి. ఆ "మేమున్నం" అన్న మాట మీద అప్పుడు పుట్టిన అసహ్యం నాకు ఇప్పటికీ పోలేదు.

లోపలున్న మనిషి గురించి కూడా మర్యాదగా చెప్పడం నా వల్ల కాదు. గుట్ట మీద గుండ్రటి అద్దాల మేడ లేస్తున్న రోజులవి. మాదాపూర్ చుట్టుపక్కల బండలు పేల్చిన దుమ్ము మా వంటింటి గిన్నెల దాకా వచ్చి పడేది. ఆ దుమ్ములోనే మా ఆయన భూముల దలాలీ మొదలుపెట్టాడు. అంతకుముందు ఏం చేసేవాడంటే, పెద్దగా ఏమీ చేసేవాడు కాదు. నడుముకు పేజర్ తగిలించుకున్నాడు. అది మోగితే అన్నం ముందు నుంచి కూడా లేచి, ఎంగిలి చేత్తోనే ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తేవాడు. జేబులో కార్డులు, ఆ కార్డుల మీద ఆయన పేరు, పేరు కింద "కన్సల్టెంట్" అని అచ్చు. దాని అర్థమేమిటని అడిగితే నాకు చెప్పలేకపోయాడు.

ఇంటింటికీ తిరిగి "ఇగ ఎవుసం ఎవడు చేస్తడు కాకా, అమ్మి బంగ్ల కట్టుకో" అని చెప్పి చెప్పి, మా ఊరి భూములన్నీ అమ్మించింది ఆయనే. మిద్దెలు లేచాయి. మోటారు సైకిళ్లు వచ్చాయి. నేనూ రెండు జతల గాజులు చేయించుకున్నాను, దాచుకోవడం దేనికి. చివరికి అమ్మడానికి భూమి కరువై, ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మాడు. వాళ్లలో ఒకాయన కోస్తా నుంచి వచ్చిన గవర్నమెంటు ఉద్యోగి. శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించుకుని, భార్యాపిల్లలతో, పురోహితుడితో వచ్చేసరికి అక్కడ ఇంకొకాయన అప్పటికే పునాది తీయిస్తున్నాడు. ఇద్దరూ పోట్లాడుకోలేదు. కలిసి ఒకే ఆటోలో పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు.

శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకుపోయారు. శుక్రవారమే ఎందుకో మా వకీలు తర్వాత చెప్పాడు. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం, కోర్టు ఉండదు కాబట్టి బెయిలు దరఖాస్తు సోమవారం దాకా కదలదట. శనివారం మేజిస్ట్రేట్‌గారి ఇంటి దగ్గరే హాజరుపరిచి, రిమాండు రాయించి, సబ్ జైలుకు పంపారు. వకీలుది కూడా కోస్తానే. మెత్తటి మాట, ఇస్త్రీ చెడని చొక్కా. "కంగారు పడకండమ్మా, ఇవన్నీ మామూలేనండి" అనేవాడు. ఆయనకు మామూలే.

ములాఖత్, అంటే ఖైదీని కలవనిచ్చేది, వారానికి రెండుసార్లు. లోపలివాడికి నువ్వేమవుతావో దరఖాస్తులో రాయాలి, రేషన్ కార్డు చూపించాలి. స్టీలు డబ్బా లోపలికి పోదు. వండిన కూర పోదు. అరటిపళ్లు పోతాయి, బిస్కట్ పొట్లం విప్పి చూసి పంపిస్తారు. పైజామా ఇస్తే నాడా లాగేసుకుని పైజామా మాత్రం పంపిస్తారు, నాడా లేకుండా అది ఒంటి మీద ఎట్లా నిలుస్తుందన్నది వాళ్లకు పట్టదు. అరుగు మీద చాయ తాగిన పండితుల్లో ఒక్కరూ ఈ సంగతులు చెప్పలేదు. మటన్ కూర వండి డబ్బాలో తీసుకుపోయి, గేటు ముందు రెండు గంటలు నిలబడి, అది నా చేతిలోనే చల్లారిపోయాక నేర్చుకున్నాను.

మంగళవారం ఆయన్ని చూశాను. ఇటు ఒక ఇనుప జాలీ, అటు ఒక ఇనుప జాలీ, మధ్యలో రెండు మూరల సందు. ఇటు పదిమంది, అటు పదిమంది ఒకేసారి అరుస్తుంటే ఎవరికి ఎవరేం చెబుతున్నారో ఆ జాలీకే తెలియాలి. మా ఆయన నాడా లేని పైజామాను ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పేజర్ లేని ఆ నడుమును చూస్తే నాకు లోపల కొంచెం తృప్తి కలిగిన మాట నిజం.

"మొలతాడుకన్న చెక్కుకోరాదు?" అని అరిచాను.

"మొలతాడు కోసిన్రు," అన్నాడు.

మా వైపు మగవాడికి మొలతాడు తెంపేది పెళ్లాం చచ్చిపోయినప్పుడే. ఉరి పోసుకుంటారన్న భయంతో జైల్లో అందరిదీ కోసేస్తారని పక్కన నిలబడ్డ ఆవిడ చెప్పింది. అయినా నాకు ఒళ్లు మండింది. "నేనింక సావలేదని వాళ్లకు చెప్పకపోయినవా?" అన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. ఏడ్చాడు.

"శనారంలోపు నన్ను తీస్కపో. లోపల జాగ లేదంట. శనారం నాడు పెద్ద జైలుకు పంపిస్తమంటున్నరు. ఆడ నేను బతుక," అన్నాడు.

ఊరందరికీ బంగళాలు చూపించిన నోరు అంత చిన్నగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. బస్సులో శేరిలింగంపల్లి దాటేదాకా ఆ కోపంతోనే కూర్చున్నాను.

బుధవారం బెయిలు వచ్చింది. అరుగు మీదివాళ్లు "చెప్పలేదా మేము" అన్నారు. నేను మంచి చీర కట్టుకుని జైలు గేటు ముందు నిలబడ్డాను, బెయిలు వస్తే మనిషి వస్తాడనుకుని. గేటు జవాను నన్ను పైనుంచి కిందికి చూసి, "జామీను కాగితం ఏదమ్మా?" అన్నాడు. అప్పుడు తెలిసింది, బెయిలు రావడం వేరు, మనిషి రావడం వేరని. ఇద్దరు జామీనుదారులు కావాలి. తమ పేరు మీద భూమో ఇల్లో ఉన్నట్టు కాగితం చూపించి, ఇతను పారిపోతే మాది పూచీ అని మేజిస్ట్రేట్ ముందు చెప్పాలి. అప్పుడు విడుదల ఉత్తర్వు రాస్తారు. అదైనా సాయంత్రం మనుషుల్ని లెక్కపెట్టి తాళం వేసేలోపు జైలుకు చేరాలి. చేరకపోతే మరునాడే.

ఒక జామీనుకు మా అన్న ఉన్నాడు. బాచుపల్లి దగ్గర ఆయనకు కొంత చెలక భూమి ఉంది. "ఈ దలాలిగానికి నా పాసు పుస్తకం పెట్టాల్నా" అని గొణుగుతూనే ఒప్పుకున్నాడు. రెండో మనిషి మాత్రం మా మండలంవాడే అయి ఉండాలని ఉత్తర్వులో రాసి ఉంది.

"మీ ఊళ్లో పాసు పుస్తకం ఉన్నవాళ్లు ఒక్కరు దొరికితే చాలండి," అన్నాడు వకీలు. "అదేమంత కష్టం కాదండి."

గురువారం పొద్దున్నుంచీ ఊరంతా తిరిగాను. నేను తొక్కిన గడపల్లో ఒక్కరికీ భూమి లేదు. మా ఆయన ఎంత శుభ్రంగా పని చేశాడో ఆ రోజు ఇంటింటికీ వెళ్లి చూసుకున్నాను. తనను విడిపించడానికి పనికొచ్చే కాగితం ఊళ్లో ఎక్కడా మిగలకుండా తానే ఊడ్చిపెట్టాడు. ఇంటి పన్ను రసీదు కూడా పనికొస్తుందని వకీలు అన్నాడు గానీ, మావాళ్ల మిద్దెలకు అనుమతుల్లేవు, రసీదులు ఎప్పుడో చచ్చిపోయిన తాతల పేర్ల మీద వస్తున్నాయి. పాలరాయి పరిచిన హాలులో, కొత్త సోఫా మీద కాళ్లు పెట్టుకుని ఒకాయన "ఇల్లు మా తాత పేరు మీదున్నది, తాతను తోలుకపో" అని నవ్వాడు. మొన్న నా అరుగు మీద "మేమున్నం" అన్నవాడే.

చివరికి మా ఆయన మేనమామ ముందుకొచ్చాడు. ఊళ్లో అందరికంటే ముందు భూమి అమ్మిందీ, అందరికంటే పెద్ద మిద్దె కట్టిందీ ఆయనే. "నా తాన పుస్తకమున్నది. నన్ను ఎవడనుకున్నవ్?" అని బీరువా తెరిచాడు. ఎర్రగుడ్డలో చుట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన పాసు పుస్తకం. ఏటా దసరాకు దానికి పూజ చేస్తాడట. భూమి రిజిస్ట్రీ చేసి ఇచ్చిననాడు పుస్తకం వాపసు ఇమ్మని ఎవరూ అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. పుస్తకం ఇంట్లో ఉంది కాబట్టి భూమి ఏదో ఒక విధంగా ఇంకా తనదేనని ఆయన నిజంగానే నమ్మాడు. ఊళ్లో సగం బీరువాల్లో అట్లాంటి పుస్తకాలే ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది.

మండలాఫీసుకు తెల్ల ధోవతి కట్టుకుని వచ్చాడు. గుమాస్తా పహాణీ తీశాడు. ఏ భూమి ఎవరి చేతిలో ఉందో ఏటేటా రాసే రిజిస్టరు అది. వేలు పెట్టి వెతికాడు. పుస్తకం మీది కుంకుమ తన చేతికి అంటితే కాగితానికి తుడుచుకున్నాడు.

"పెద్దమనిషీ, నీ సర్వే నంబర్ల ఇప్పుడు ఏదో కంపెనీ పేరున్నది. నీ పేరు ఎప్పుడో కొట్టేసిన్రు."

"మరి పుస్తకం నా తాననే ఉన్నది గద?"

"ఇంట్ల పెట్టి పూజ చేసుకో."

ఆయన చేసేది అదేనని గుమాస్తాకు తెలియదు. నాకు నవ్వు ఆగలేదు. మొగుడు జైల్లో ఉన్న ఆడది మండలాఫీసులో నవ్వడం ఏమిటని జనం చూశారు. మేనమామ ఆ పుస్తకాన్ని మళ్లీ గుడ్డలో చుట్టలేదు. చంకలో ఇరికించుకుని బస్సెక్కి, నాకు దూరంగా వెనక సీట్లో కూర్చున్నాడు.

ఇక నేను అడగకుండా మిగిలింది పెద్దత్త. మా మామగారి అన్న భార్య. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఎకరం కూడా నిండని చెలకలో పాలకూర, కొత్తిమీర పండించి, గంప నెత్తిన పెట్టుకుని కొత్త అపార్టుమెంట్ల ముందు అమ్మేది. చుట్టూ ప్రహరీలు లేచిన మధ్యలో ఆమె మడి ఒక్కటే పచ్చగా ఉండేది. ఊరంతా ఆమెను చూసి నవ్వేది. నేనూ నవ్వాను. "కొత్తిమీర రాణి" అని పేరు పెట్టింది నేనే. ఆమె ఇద్దరు కొడుకులూ, మా ఆయనా కలిసి ఆమె వేలిముద్ర కోసం ఏడాదిగా ఆ మడి చుట్టూ తిరుగుతున్నారు. ఒకనాడు విసిగిపోయి మా ఆయన్ని కొడవలి పట్టుకుని గట్టు మీదుగా తరిమింది. ఆ పరుగులో పేజర్ బావి దగ్గర పడిపోతే, మరునాడు నేనే వెళ్లి తెచ్చాను.

అట్లాంటి మనిషి ముందుకు ఏ మొహంతో పోవాలి. పొద్దు వాలుతుండగా పోయాను. బావి గట్టు మీద కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"జామీను నిలవడితె భూమి అమ్మరాదు గద?" అంది.

భయపడుతోందనుకున్నాను. "కేసు నడిచినన్ని దినాలే పెద్దత్తా. అటెన్క ఏం లేదు."

"కేసు ఎన్ని దినాలు నడుస్తది?"

అబద్ధం చెప్పాను. "నెల, రెండు నెల్లు. గంతే."

ఆమె చేతిలో కట్ట కింద పెట్టింది. మొహం ముడుచుకుంది. "గంతేనా?" అంది. కాసేపు మడి వైపు చూసి, "సరే, పొద్దుగాల వస్త. వకీలును నేనే అడుగుత. నా కొడుకులకు చెప్పకు," అంది.

నా అబద్ధం పసిగట్టిందనుకున్నాను. ఇంటికి నడిచినంతసేపూ నన్ను నేను తిట్టుకున్నాను. రేపు శుక్రవారం. అదీ తప్పితే మనిషిని పెద్ద జైలుకు తోలుకుపోతారు.

శుక్రవారం పొద్దున మండలాఫీసు తలుపు తీసేసరికి పెద్దత్త కొత్తిమీర గంపతో సహా అక్కడ ఉంది. అదే గుమాస్తా పహాణీ తీశాడు. వెతకాల్సిన పని లేకుండా పేరు కనపడింది. నకలు రాసి ముద్ర వేసి ఇచ్చాడు. కోర్టు ఆవరణలో చింతచెట్టు కింద గంప దించి, ముగ్గురు ప్లీడర్ గుమాస్తాలకు కొత్తిమీర అమ్మాక గానీ ఆమె వకీలు దగ్గరికి రాలేదు.

"అయ్యా, గీ కేసు ఎన్ని దినాలు నడుస్తది?" అని అడిగింది.

వకీలుకు నేను కళ్లతో సైగ చేశాను. ఆయనకు ఏ సైగా అర్థం కాదు. "నిజం చెప్పాలంటే ఐదారేళ్లు పడుతుందండి," అన్నాడు. "పై కోర్టుకు వెళితే ఇంకా పడుతుందండి." వారం రోజుల్లో ఆ మనిషి చెప్పిన మొదటి నిజం అదే. అది చెప్పడానికి ఆయనకు ఆ పూటే దొరికింది. ఆయన్ని అక్కడే నేలలో పాతేయాలనిపించింది.

పెద్దత్త మొహం విప్పారింది. "ఏం రాసిన్రో సదువు," అంది.

ఆయన చదివాడు. సదరు కేసు ముగిసేవరకు పైన తెలిపిన భూమిని అమ్మను, తనఖా పెట్టను, ఇతరులకు బదలాయించను.

"గా అమ్మేది లేదన్న ముక్క మల్లొక్కసారి సదువు."

మళ్లీ చదివాడు. ఏడాదిగా ముగ్గురు మగవాళ్లు ఎంత గుంజినా కదలని బొటనవేలు, సిరా డబ్బాలో తనంతట తానే మునిగి, కాగితం మీద పడింది.

మేజిస్ట్రేట్‌గారు మొదట మా అన్నను, తర్వాత ఆమెను ప్రశ్నించారు. ఇతను పారిపోతే నీ భూమి పోతుంది, తెలుసా అని అడిగారు. "యాడికి పోతడు సార్," అంది పెద్దత్త. "పొద్దుగాల చాయ ఇయ్యంది మంచం దిగడు." కోర్టులో నవ్వారు. మేజిస్ట్రేట్‌గారు తల దించుకుని రాసుకున్నారు. కోర్టు గుమాస్తా ఆమె పాసు పుస్తకం మీద కేసు నంబర్ ఎర్ర సిరాతో వేసి, ముద్ర కొట్టాడు. ఆమె సిరా ఆరేదాకా నోటితో ఊది, పుస్తకాన్ని రవికలో దాచుకుంది.

బయట చింతచెట్టు కింద నేను ఆమె కాళ్లకు దండం పెట్టబోయాను. వెనక్కి జరిగింది.

"నిన్ను చూసి ఏలు పెట్టలేదు బిడ్డా. నీ మొగుని కోసం అసలే పెట్టలేదు. మీ పెదమామ బతికున్నప్పుడు ఎవనికో జామీను నిలవడ్డడు. పుస్తకం మీద గిట్లనే ముద్ర కొట్టిన్రు. తాగుడు కోసం తక్కినదంత అమ్ముకున్నడు గని, గీ చెలకను కొననీకి ఎవడు రాలె. కోర్టు ముద్రను చూస్తె పారిపోయిన్రు. గట్ల మిగిలింది ఇది. ఇప్పుడు నా కొడుకులు తాగరు, మోటారు సైకిలు కావాలంటరు. మొన్న నిద్రల నా ఏలు పట్టుకున్నరు."

"మరి నిన్న మొహం ముడుచుకున్నవేంది?"

"నువ్వు రెండు నెల్లంటివి. రెండు నెల్లకు ఏం గావాలె నాకు."

నాకు సిగ్గు వేసింది, అంతే. ఊళ్లో కార్డులు అచ్చేయించుకున్నవాళ్లకూ, బీరువా పూజలు చేసేవాళ్లకూ, ఆ భూముల డబ్బుతో గాజులు చేయించుకున్న నాకూ తోచని ఉపాయం, వేలిముద్ర తప్ప రాయడం రాని ఈ మనిషికి తోచింది. ఆమెను చూసి నవ్విన నా నోటిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చీదరే.

విడుదల ఉత్తర్వు తాళం వేసే వేళకు కాస్త ముందుగా జైలుకు చేరింది. మా అన్న ఆయన మొహం చూడటం ఇష్టం లేక కోర్టు నుంచే వెళ్లిపోయాడు. గేటు ముందు నేనూ పెద్దత్తా నిలబడ్డాం. వారం రోజుల గడ్డంతో, పైజామాను చేత్తో పట్టుకుని మా ఆయన వచ్చాడు. నన్ను చూసి మొదట అడిగింది, "పేజర్ యాడున్నది?" అని. తర్వాత అడిగాడు, జామీను ఎవరు పెట్టారని.

చెప్పాను. ఆయన మొహంలో రంగు పోయింది. "పెద్దమ్మ భూమా? పుస్తకం మీద ముద్ర గిట్ల కొట్టిన్రా?"

"కొట్టిన్రు. ఎర్ర సిరాతోని."

గోడకు చేరగిలబడ్డాడు. పెద్దత్త కొడుకులూ ఆయనా కలిసి ఆ చెలకను అమ్ముతామని అప్పటికే ఒక పార్టీకి మాట ఇచ్చేశారని, వేలిముద్ర ఒక్కటే తక్కువని అప్పుడు బయటపడింది. తనను బయటికి తెచ్చిన కాగితమే ఆ బేరానికి తాళం వేసింది. పైజామా పైకి లాక్కుని, "కేసు జల్ది కొట్టేయించుకుందం," అని గొణిగాడు. అప్పుడే దలాలీ మొదలైంది.

పెద్దత్త కొంగు ముడి విప్పి నల్లటి మొలతాడు తీసింది. కోర్టు నుంచి వస్తూ దారిలో ఏదో దుకాణం ముందు ఆగింది గానీ, ఎందుకాగిందో నేను పట్టించుకోలేదు. ఆయన చేతిలో పెట్టింది.

"కట్టుకో. నీ పెండ్లాం బతికే ఉన్నది," అంది. రవిక మీద, పుస్తకం ఉన్నచోట చెయ్యి వేసుకుంది. "ఇది గూడ. వాయిదాలకు మంచిగ పో, తొందరపడకు."

ఒక చేత్తో పైజామా పట్టుకుని, రెండో చేత్తో మొలతాడు ముడి వేసుకోలేక మా ఆయన జైలు గోడ పక్కన తంటాలు పడ్డాడు. నేను సాయం పట్టలేదు. పెద్దత్త గంప నా నెత్తికి ఎత్తుకుని, ఆమె వెనకాల బస్సు వైపు నడిచాను.